మ్యాపులో పచ్చరంగు, గల్లీలో ఒక్క పాయింట్: ఓరుగల్లులో సిగ్నల్ లెక్క ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా: మొబైల్ కంపెనీల కవరేజీ మ్యాపులో కనిపించే రంగు చాలావరకు కొలిచింది కాదు, లెక్కగట్టింది. అలాంటి చోట సగటున ఎంత సిగ్నల్ రావాలో ఆ లెక్క చెబుతుంది. ఫలానా ఇంట్లో, ఫలానా గదిలో ఎంత వస్తుందో చెప్పదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన నగరంలో ఒక పేటను ‘పట్టణం’ అనుకోవాలా, ‘శివారు’ అనుకోవాలా అన్న నిర్ణయం ఒక్కటే టవర్ పరిధిని దాదాపు రెండింతలు చేసి చూపగలదు.

ప్రశ్న ఎందుకు వచ్చింది

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనలు ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఏ ప్రాంతంలో 2జీ, 3జీ, 4జీ, 5జీ అందుతుందో కంపెనీలు తమ వెబ్‌సైట్లలో మ్యాపు రూపంలో చూపించాలి. సిమ్ మార్చాలనుకునే మనిషికి ఇది మంచి సౌకర్యం. అయితే దీంతో కొత్త గందరగోళం కూడా మొదలైంది. మ్యాపులో వీధంతా పచ్చగా ఉంటుంది, ఇంట్లో లోపలి గదిలోకి వెళ్తే ఒక్క పాయింటే చూపిస్తుంది. బంగ్లా మీదికి ఎక్కితేనే మాట తెగకుండా వినిపిస్తుంది. మ్యాపు అబద్ధమేమోనన్న అనుమానం రావడం సహజం.

మ్యాపు వెనక ఏ లెక్క ఉందో తెలిస్తే, ఆ అనుమానంలో ఎంత న్యాయముందో తేల్చుకోవచ్చు.

ముందుగా డెసిబెల్ గురించి

సిగ్నల్ నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగమైనట్టు. 10 తగ్గితే పదో వంతు మిగిలినట్టు, 20 తగ్గితే నూరో వంతు, 30 తగ్గితే వెయ్యో వంతు. ఫోనుకు అందే సిగ్నల్‌ను డీబీఎంలో (ఒక మిల్లీవాట్‌తో పోల్చిన డెసిబెల్స్‌లో) చెబుతారు, అది మైనస్ అంకెగా ఉంటుంది. 4జీలో మైనస్ 80 అంటే బాగుంది. మైనస్ 100 అంటే నడుస్తుంది. మైనస్ 115 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. ఇక పాయింట్లంటారా, ఏ అంకెకు ఎన్ని పాయింట్లు చూపించాలో ఫోను తయారుచేసిన కంపెనీయే నిర్ణయిస్తుంది. అందుకే పక్కపక్కనే పెట్టిన రెండు ఫోన్లు వేర్వేరు పాయింట్లు చూపించడంలో వింతేమీ లేదు.

ఖాళీ మైదానానికి, బజారుకు 700 రెట్ల తేడా

అడ్డేమీ లేని చోట కూడా తరంగం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. 900 మెగాహెర్ట్జ్ (సెకనుకు 90 కోట్ల కంపనాల) సిగ్నల్ ఒక కిలోమీటరు వెళ్లేసరికి దాదాపు 91 డెసిబెల్స్ నష్టపోతుంది. ఇది శుద్ధ భౌతికశాస్త్రం, దూరం రెట్టింపయితే మరో 6 డెసిబెల్స్ పోతాయి.

ఊళ్లో పరిస్థితి వేరు. తరంగం డాబాల అంచులను రాసుకుంటూ వంగుతుంది, గోడలకు తగిలి తిరుగుతుంది, కొంత గోడల్లోనే ఇంకిపోతుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న హాటా సూత్రం ప్రకారం 30 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉండి, మనిషి చేతిలో 1.5 మీటర్ల ఎత్తున ఫోను ఉంటే, 900 మెగాహెర్ట్జ్‌లో కిలోమీటరు దూరానికి నష్టం ఇలా వస్తుంది: బయలు ప్రదేశంలో దాదాపు 98 డెసిబెల్స్, శివారులో 116, పట్టణంలో 126. టవర్ అదే, దూరం అదే, ఫోనూ అదే. అయినా బయలుకూ పట్టణానికీ మధ్య సిగ్నల్ 700 రెట్లు పడిపోతోంది. ఎనుమాముల మార్కెట్ యార్డు విశాలమైన ఆవరణలో నిలబడిన రైతుకూ, మట్టెవాడ ఇరుకు గల్లీలో ఉన్న మనిషికీ దూరం సమానమైనా సిగ్నల్ సమానంగా రాకపోవడానికి మొదటి కారణం ఇదే.

టోక్యోలో పుట్టిన సూత్రం

ఈ హాటా సూత్రం పుట్టుక తెలిస్తే దాని బలహీనత కూడా తెలుస్తుంది. జపాన్ ఇంజనీరు యోషిహిసా ఒకుమురా, ఆయన బృందం 1960లలో టోక్యోలో, దాని చుట్టుపక్కల వాహనంలో తిరుగుతూ సిగ్నల్ కొలిచి, 1968లో ఆ ఫలితాలను గ్రాఫులుగా ప్రచురించారు. గ్రాఫులు చూసి అంకెలు తీసుకోవడం ఇంజనీర్లకు కష్టం కాబట్టి 1980లో మసహారు హాటా వాటిని సమీకరణాలుగా మార్చారు. ఆ తర్వాత ప్రపంచమంతటా మొబైల్ నెట్‌వర్కుల మొదటి అంచనాలు చాలావరకు ఈ సమీకరణాల మీదే నడిచాయి.

ఇందులో పెద్దగా ఎవరూ మాట్లాడుకోని సంగతి ఒకటుంది. హాటా సూత్రంలో ‘మహానగరం’, ‘చిన్న, మధ్యస్థ నగరం’ అని రెండు విభాగాలున్నాయి. టోక్యోకు ఒక లెక్క, వరంగల్ లాంటి నగరానికి ఇంకో లెక్క ఉందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ తేడా ఫోను ఎత్తుకు సంబంధించిన సవరణలో మాత్రమే ఉంది. ఫోను 1.5 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు రెండు విభాగాల్లోనూ ఆ సవరణ దాదాపు సున్నా. అంటే వీధిలో నడిచే మనిషికి టోక్యో అయినా హనుమకొండ అయినా సూత్రం ఒకే జవాబు చెబుతుంది. ఆకాశహర్మ్యాల మధ్య వీధికి, రెండంతస్తుల డాబాల మధ్య గల్లీకి ఒకే అంకె! 2000 మెగాహెర్ట్జ్ వరకు ఈ సూత్రాన్ని పొడిగించిన యూరప్ బృందం కాస్ట్ 231 మహానగర కేంద్రాలకు 3 డెసిబెల్స్ అదనంగా కలిపింది. అదీ ఊరు మొత్తానికి వేసే ఒక్క అంకే, వీధిని చూసి వేసేది కాదు.

సూత్రానికి హద్దులు కూడా ఉన్నాయి. అసలు హాటా సూత్రం 150 నుంచి 1500 మెగాహెర్ట్జ్ వరకే పనిచేస్తుంది. దూరం 1 నుంచి 20 కిలోమీటర్ల మధ్య, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, ఆపైన ఉండాలి. ఇప్పుడు నగరంలో టవర్ల మధ్య దూరం చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు. యాంటెన్నాలు మూడు, నాలుగు అంతస్తుల ఇళ్ల పైకప్పుల మీద ఉంటున్నాయి. 5జీకి ప్రధానంగా వాడుతున్న 3300 మెగాహెర్ట్జ్ బ్యాండ్ సూత్రం హద్దు దాటి ఎంతో పైన ఉంది. అందుకే ఇప్పుడు అంతర్జాతీయ ప్రమాణాల కూటమి 3జీపీపీ ఇచ్చిన నమూనాలు వాడుతున్నారు. అవి 500 మెగాహెర్ట్జ్ నుంచి 100 గిగాహెర్ట్జ్ వరకు లెక్క చెబుతాయి.

ఏ పేట ఏ కోవలోకి?

సూత్రం ఏదైనా, దాన్ని వాడే ఇంజనీరు నగరాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు పేరు పెట్టాలి: కిక్కిరిసిన పట్టణం, పట్టణం, శివారు, బయలు, చెరువు, అడవి. ఉపగ్రహ చిత్రాల నుంచి తయారుచేసే ఈ నేల వర్గీకరణను ఈ రంగంలో ‘క్లట్టర్’ అంటారు. ఈ లెక్క మొత్తంలో ఎక్కువ ప్రభావం చూపేది, తక్కువ చర్చకు వచ్చేది ఇదే.

పైన చెప్పిన అంకెల్లో శివారుకూ పట్టణానికీ తేడా 10 డెసిబెల్స్. 30 మీటర్ల యాంటెన్నాకు దూరం పదింతలైతే నష్టం దాదాపు 35 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ లెక్కన 10 డెసిబెల్స్ అంటే దూరంలో 1.9 రెట్లు. ఒక పేటను పట్టణానికి బదులు శివారుగా రాసుకుంటే టవర్ పరిధి దాదాపు రెండింతలుగా, అది కప్పే విస్తీర్ణం మూడున్నర రెట్లకు పైగా కనిపిస్తుంది. నాలుగు టవర్లు కావలసిన చోట కాగితం మీద ఒకటి సరిపోతుంది.

ఓరుగల్లు విషయంలో ఈ వర్గీకరణ నిజంగానే కష్టం. ఒక వైపు వరంగల్ చౌరస్తా చుట్టూ పాత బజార్లు. ఇంకో వైపు నక్కలగుట్ట, సుబేదారి ప్రాంతాల అపార్ట్‌మెంట్లు. మధ్యలో భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు. కాజీపేట వైపు రైల్వే స్థలాలు, చెట్ల మధ్య విస్తరించిన నిట్ ప్రాంగణం. చెరువు నీటి మీదుగా తరంగం దాదాపు అడ్డు లేకుండా సాగుతుంది. దాంతో దూరపు టవర్ సిగ్నల్ కూడా అవతలి గట్టుకు బలంగా చేరి, అక్కడి దగ్గరి టవర్‌తో కలిసి గందరగోళం చేస్తుంది. ఊరు పెరిగే వేగం ఇంకో సమస్య. ఐదారేళ్ల కిందటి ఉపగ్రహ చిత్రంలో ఖాళీ ప్లాట్లుగా ఉన్న చోట ఇవాళ ఐదంతస్తులు లేస్తున్నాయి. మ్యాపు పాతదైతే లెక్క ఆ ప్లాట్లను ఇంకా ఖాళీగానే చూస్తుంది.

ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి పరిసరాల్లో మరో కోణం ఉంది. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆపైన 200 మీటర్లలో నియంత్రణ. కాబట్టి అక్కడికి సిగ్నల్ దూరం నుంచి రావాలి. ఎత్తైన భవనాలు లేకపోవడం వల్ల ఆ దారిలో నష్టం కొంత తక్కువగానూ ఉంటుంది. ఏది గెలుస్తుందో చోటును బట్టి తేలాల్సిందే, ఒక్క సాధారణ సూత్రం తేల్చలేదు.

గుట్ట నీడ

ఏకశిలా నగరం అన్న పేరులోనే రాయి ఉంది. పద్మాక్షి గుట్ట, గోవిందరాజుల గుట్ట, మడికొండ మెట్టుగుట్ట లాంటివి తరంగాలకు గట్టి అడ్డాలు. గ్రానైట్ గుండా సిగ్నల్ దూరదు, శిఖరం మీదుగా వంగి కిందికి దిగాలి. టవర్‌నూ ఫోన్‌నూ కలిపే గీతకు శిఖరం సరిగ్గా తగిలినా 6 డెసిబెల్స్ పోతాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. శిఖరం ఆ గీతకు 20 మీటర్ల పైన ఉంది, టవర్‌కూ ఫోన్‌కూ సరిగ్గా మధ్యన, రెండింటికీ 500 మీటర్ల దూరంలో ఉంది. కత్తి అంచు లాంటి శిఖరం అనుకుని లెక్కిస్తే 700 మెగాహెర్ట్జ్‌లో అదనపు నష్టం దాదాపు 22 డెసిబెల్స్, 3500లో (ఇది 3300 బ్యాండ్‌లో భాగమే) 29. గుట్ట నీడ 5జీ ప్రధాన బ్యాండ్‌కు ఇంకా చిక్కనన్నమాట.

ఇక్కడ మాత్రం కంప్యూటర్ లెక్క బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే నేల ఎత్తుల సమాచారం సులభంగా దొరుకుతుంది. ఇస్రో 2005లో పంపిన కార్టోశాట్-1 ఉపగ్రహం ఒకే చోటును రెండు కోణాల్లో ఫొటో తీసి ఎత్తులు కట్టడానికే తయారైంది. చిక్కల్లా అందరికీ అందుబాటులో ఉండే ఎత్తుల మ్యాపుల్లో ఒక్కో గడి 30 మీటర్లు ఉండటం. గుట్ట అందులో స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగు మీటర్ల గల్లీ కనిపించదు.

గల్లీ మలుపులో ఏమవుతుంది

రోడ్డు మీద నిలబడితే యాంటెన్నా కంటికి కనిపిస్తుంది. గల్లీలోకి పది అడుగులు వేసి మలుపు తిరిగితే కనిపించదు. తరంగానికి ఈ పది అడుగులే చాలా పెద్ద విషయం. 3జీపీపీ ఇచ్చిన నగర వీధి నమూనా ప్రకారం 3500 మెగాహెర్ట్జ్‌లో 100 మీటర్ల దూరానికి, యాంటెన్నా కనిపిస్తే నష్టం 85 డెసిబెల్స్, కనిపించకపోతే 105. దాదాపు 20 డెసిబెల్స్ తేడా. మలుపు అవతల ఉన్నదాంట్లో నూరో వంతుకు కాస్త పైన మాత్రమే ఇవతలికి చేరుతుంది.

యాంటెన్నా కనిపించే అవకాశం ఎంతో కూడా ఆ నమూనా చెబుతుంది: 50 మీటర్ల దూరంలో నూటికి 52, 100 మీటర్లలో 23, 200 మీటర్లలో 9. వీధుల ఆకారం తెలియని మ్యాపు ఈ శాతాలను కలిపి ఒక సగటు రంగు వేస్తుంది. వాస్తవంలో ఆ సగటు చోటు ఎక్కడా ఉండదు. కొన్ని ఇళ్లకు యాంటెన్నా కనిపిస్తుంది, కొన్నింటికి కనిపించదు, అంతే. ‘మా పక్కింట్లో వస్తుంది, మాకు రాదు’ అన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం కావచ్చు.

మరి గల్లీలన్నింటినీ లెక్కలోకి తీసుకోలేమా? తీసుకోవచ్చు. ప్రతి భవనం ఆకారం, ఎత్తు తెలిస్తే టవర్ నుంచి లక్షల కిరణాలు వదిలినట్టు ఊహించి, అవి ఎక్కడ తగిలి ఎటు తిరుగుతాయో కంప్యూటర్‌తో లెక్కించే ‘రే ట్రేసింగ్’ పద్ధతి ఉంది. ఫలితాలు బాగుంటాయి. కానీ దానికి మూడు కొలతల నగర నమూనా కావాలి, దాన్ని ఎప్పటికప్పుడు దిద్దుతూ ఉండాలి. పెద్ద మెట్రో నగరాలకు ఆ ఖర్చు పెట్టే కంపెనీకి రెండో స్థాయి నగరాల విషయంలో అంత తొందర ఉండదు. బల్దియా దగ్గర ఇళ్ల అనుమతుల రికార్డుల్లో అంతస్తుల లెక్క ఇప్పటికే ఉంది. దాన్ని ఈ పనికి అందించే ఏర్పాటు జరిగితే ఓరుగల్లు మ్యాపు ఎంతో మెరుగుపడుతుంది.

గోడ, రేకు, అద్దం

మ్యాపు చూసేటప్పుడు తప్పక అడగాల్సిన ప్రశ్న: ఈ రంగు వీధికా, ఇంటి లోపలికా? 3జీపీపీ లెక్కలో కాంక్రీటు గోడ 700 మెగాహెర్ట్జ్‌లో దాదాపు 8 డెసిబెల్స్ మింగుతుంది, 1800లో 12, 3500లో 19. మామూలు కిటికీ అద్దం 3 డెసిబెల్స్ లోపే. వేడి ఆపడానికి లోహపు పూత వేసిన అద్దం మాత్రం 24 దాకా మింగుతుంది, అంటే కాంక్రీటు కంటే ఎక్కువ. మెయిన్ రోడ్ల మీద షాపుల ముందు బిగిస్తున్న ఏసీపీ షీట్లలో అల్యూమినియం పొర ఉంటుంది. అవి, ఇనుప రేకుల షెడ్లు సిగ్నల్‌ను దాదాపుగా తిప్పికొడతాయి. అలాంటి చోట తలుపు, కిటికీ సందుల్లోంచి వచ్చిందే దిక్కు. పాత పెంకుటిళ్లలో బాగా వచ్చిన సిగ్నల్, అదే స్థలంలో స్లాబు వేసి కట్టిన కొత్త ఇంట్లో తగ్గడానికి టవర్ మారనక్కర్లేదు.

2022 వేలంలో జియో 3300 బ్యాండ్‌తో పాటు 700 మెగాహెర్ట్జ్ కూడా కొనడం వెనక ఉన్న లెక్క కూడా ఇదే. 700 గోడలు దాటుతుంది కానీ అందులో దొరికే ఫ్రీక్వెన్సీల వెడల్పు తక్కువ, వేగం తక్కువ. 3300లో వేగం ఎక్కువ, గోడ దాటడం కష్టం. పదుల సంఖ్యలో చిన్న యాంటెన్నాలతో సిగ్నల్‌ను ఒక దిక్కుకు గురిపెట్టే కొత్త పరికరాలు ఆ నష్టంలో కొంత పూడుస్తాయి, పూర్తిగా కాదు.

ఇంకో అసమానత కూడా ఉంది. టవర్ పదుల వాట్లతో పంపుతుంది, ఫోను సాధారణంగా 0.2 వాట్ల దాకానే పంపగలదు. అందుకే గోడలు ఎక్కువైన చోట అవతలివారి మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్లకు తెగిపోతుంది. ఫోనులో పాయింట్లు టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌నే చూపిస్తాయి. మన వైపు నుంచి వెళ్లే సిగ్నల్ సంగతి వాటిలో కనిపించదు.

సగటు అంటే సగం మందికి తక్కువనే

ఇన్ని లెక్కలు వేశాక కూడా నిజమైన సిగ్నల్ ఆ అంకె చుట్టూ ఊగుతూనే ఉంటుంది. ఒక చెట్టు, ఒక నీళ్ల ట్యాంకు, ఆగిన ఒక లారీ చాలు. నగరాల్లో ఈ ఊగిసలాట సుమారు 6 నుంచి 10 డెసిబెల్స్. అంటే సూత్రం చెప్పిన హద్దు దగ్గర నిలబడిన వందమందిలో యాభై మందికే ఆ సిగ్నల్ అందుతుంది. 90 మందికి అందాలంటే, ఊగిసలాట 8 డెసిబెల్స్ అనుకుంటే, దాదాపు 10 డెసిబెల్స్ అదనపు జాగ్రత్త పెట్టుకోవాలి. అప్పుడు హద్దు దూరం మళ్లీ సగానికి తగ్గుతుంది. ఒకే టవర్‌కు 50 శాతం మ్యాపు వేస్తే ఊరంతా పచ్చగా కనిపిస్తుంది, 90 శాతం మ్యాపు వేస్తే మధ్యలో ఖాళీలు తేలతాయి. రెండూ నిజమైన మ్యాపులే. ఏ శాతానికి వేశారో మ్యాపు పక్కనే రాయకపోతే ఆ రంగుకు అర్థం సగమే.

కారు వెళ్లగలిగిన చోటే కొలత

లెక్కను నిజంతో సరిచూడటానికి కంపెనీలూ ట్రాయ్ కూడా డ్రైవ్ టెస్టులు చేయిస్తాయి. పరికరాలు పెట్టిన వాహనం రోడ్ల వెంట తిరుగుతూ సిగ్నల్ నమోదు చేస్తుంది. ఆ కొలతలతో సూత్రంలోని అంకెలను సవరిస్తారు. పద్ధతి మంచిదే. అయితే వాహనం సహజంగా హంటర్ రోడ్డు మీద, హనుమకొండ – కాజీపేట దారి మీద ఎక్కువగా తిరుగుతుంది. ఇరుకు గల్లీలోకి వెళ్లదు, మూడో అంతస్తు ఎక్కదు. వెడల్పైన రోడ్లలో సిగ్నల్ బాగుంటుంది కాబట్టి, ఆ కొలతలతో దిద్దిన లెక్క గల్లీలకు కూడా ఆ మంచినే అంటగడుతుంది. నడిచి చేసే కొలతలు, ఫోన్ల నుంచి వచ్చే సమాచారం ఈ లోటు తీర్చగలవు. గల్లీల్లో కొలతలు పెరగనంత కాలం మ్యాపు రోడ్డు పక్షానే మాట్లాడుతుంది.

సిగ్నల్ సమస్య కానివి

నిండా పాయింట్లున్నా నెట్ నడవకపోతే అది వేరే రోగం. మేడారం జాతరే దానికి పెద్ద సాక్ష్యం. లక్షల మంది ఒక్కచోట చేరితే సిగ్నల్ బలం తగ్గదు, పంచుకునేవాళ్లు పెరుగుతారు. జాతరకు తాత్కాలిక టవర్లు పెట్టేది ప్రధానంగా అందుకే.

వానకు సిగ్నల్ పోయిందన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. 700 నుంచి 3500 మెగాహెర్ట్జ్ మధ్య వాన చినుకుల వల్ల పోయేది లెక్కలోకి రానంత తక్కువ. గాలివానకు కరెంటు పోవడం, టవర్‌లో బ్యాటరీ అయిపోవడం, కేబుల్ తెగడం, టవర్ల మధ్య ఎక్కువ ఫ్రీక్వెన్సీలో నడిచే మైక్రోవేవ్ లింకు బలహీనపడటం సాధారణ కారణాలు.

ఎత్తైన భవనాలతో మారబోయేది

పాత సెంట్రల్ జైలు స్థలంలో లేస్తున్న 24 అంతస్తుల ఆసుపత్రి ఈ లెక్కలకు కొత్త పరీక్ష. నగరంలో యాంటెన్నాలను కిందికి వంచి, వీధుల వైపు గురిపెడతారు. అంత ఎత్తున నేరుగా ఏ టవర్ సిగ్నలూ సరిగా అందదు. అదే సమయంలో నలుదిక్కులా ఉన్న టవర్లన్నీ పైనుంచి కనిపిస్తాయి, ఏదీ గట్టిగా వినిపించదు. పాయింట్లు కనిపిస్తూనే కాల్స్ తెగే పరిస్థితి ఇలాగే వస్తుంది. అలాంటి భవనాలకు కడుతున్నప్పుడే ప్రతి అంతస్తులో చిన్న యాంటెన్నాలు అమర్చడం తెలిసిన పరిష్కారం. భవనం వెనక పడే నీడ వల్ల చుట్టుపక్కల వీధుల లెక్క కూడా మళ్లీ వేయాలి.

ఫిర్యాదులో ఉండాల్సినవి

‘మా ఏరియాలో సిగ్నల్ లేదు’ అన్న ఫిర్యాదుతో ఇంజనీరు చేయగలిగింది తక్కువ. ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల కింద, సిమ్ స్టేటస్‌లో డీబీఎం అంకె కనిపిస్తుంది. ఇంటి ముందు వీధిలో ఒకసారి, లోపలి గదిలో ఒకసారి, బంగ్లా మీద ఒకసారి ఆ అంకె రాసుకుని, ఏ అంతస్తు, ఏ సమయం, 4జీయా 5జీయా అన్నది జతచేస్తే, నష్టం గోడలో ఉందా, గల్లీ మలుపులో ఉందా, టవర్ దూరంలో ఉందా అన్నది చాలావరకు తెలుస్తుంది. వీధిలో మైనస్ 85, గదిలో మైనస్ 112 అయితే సమస్య గోడలది, ఇంట్లో వైఫై కాలింగ్‌తో తీరే అవకాశం ఉంది. వీధిలోనే మైనస్ 112 అయితే ఆ పేటను శివారుగా రాసుకున్నారేమో కంపెనీ చూసుకోవాలి.